జంట బాణాల గుర్తున్న మెసేజ్‌ను వాట్సాప్ ఒకేసారి ఒక్క చాట్‌కే ఎందుకు పంపనిస్తుంది?

ఆ బాణాలుంటే, మెసేజ్ మీ దాకా వచ్చేలోపు కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. అందులో ఉన్నది నిజమా అబద్ధమా అన్నది వాట్సాప్ చూడదు, ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేని తాళం) వల్ల చూడటం కుదరదు కూడా. ఎన్నిసార్లు ఫార్వర్డ్ అయిందన్న లెక్క మాత్రం మెసేజ్‌తోపాటే వస్తుంది.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని పుకారు లేచింది. మన తెలుగు ఊళ్లలోనూ అమాయకుల్ని పట్టుకుని కొట్టారు. అప్పట్లో తెగ తిరిగిన ఒక వీడియోలో, బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని లాక్కుపోతారు. అసలది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. చివర్లో పిల్లాణ్ని వెనక్కి తెచ్చి దించి, హెచ్చరిక బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ ముక్క కత్తిరించేశారు, అంతే!

ఇలాంటి పుకార్ల జోరు తగ్గించడానికే ఆ జులైలో మన దేశంలో ఫార్వర్డ్‌కు ఐదు చాట్ల పరిమితి ప్రకటించారు. జంట బాణాలకు ఒక్కటే అన్న నిబంధన 2020 ఏప్రిల్‌లో, కరోనా పుకార్ల కాలంలో వచ్చింది. ఒక కంపెనీ ఒక సెట్టింగ్ మారిస్తే కోట్లమంది మాటల వేగం మారిపోయింది, మనల్ని అడిగిందెవరు?

అన్నట్టు, టెక్స్ట్‌ను కాపీ చేసి అతికిస్తే లెక్క మళ్లీ సున్నా నుంచే. మా ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్నకు ఈ కిటుకు బాగా తెలుసు.