2021 వరదల్లో తిరుపతిని ప్రభుత్వం ఎలా ఆదుకుంది? అంత జరిగాక కూడా మీరు అక్కడే ఎందుకున్నారు?

తిరుపతికి ట్రాన్స్‌ఫర్ అయింది, ఇల్లు చూసుకుంటున్నాను, అందుకే అడుగుతున్నాను అన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా. అప్పుడు మేం ఎం.ఆర్.పల్లి వైపు ఒక మిద్దెలో కింది పోర్షన్‌లో ఉన్నాం. నీళ్ళొచ్చిన తర్వాత అందిన సాయం బాగానే ఉంది, అది కాదనను. నీళ్ళు రాకముందు చెయ్యాల్సిన పని మాత్రం మా వీధి దాకా రాలేదు, నా బాధంతా దాని గురించే.

2021 నవంబర్ 18, గురువారం. మాకు వానలు ఎక్కువగా పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, కాబట్టి నవంబర్‌లో వాన అంటే ఈడ ఎవరూ భయపడరు. వాయుగుండం వస్తోందని టీవీలో చెప్తానే ఉన్నారు, దానికి తోడు ఆ నెల మొదటి నుంచీ వానలే, చెరువులన్నీ అప్పటికే నిండి ఉన్నాయి. ఇక ఆ రోజు శేషాచలం కొండల మీద పడిన వాన చూసి తీరాలి, కపిలతీర్థంలో నీళ్ళు ఎర్రగా విరుచుకుపడి గుడి దగ్గర మండపం దెబ్బతినింది, అలిపిరి మెట్ల మీద నీళ్ళు పారినాయి, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడి రాకపోకలు ఆపేశారు. కొండ మీద పడిన నీళ్ళు దిగేది కింద ఉన్న ఊళ్ళోకే కదా. ఊరి చుట్టూ ఉండిన చెరువులు, కుంటలు, వాటిని కలిపే కాలువలు చాలామటుకు ప్లాట్లు అయిపోయాయి, ఇంక నీళ్ళు యాడికి పోవాల.

సాయంత్రానికి బాత్రూం తూములో నుంచి నీళ్ళు పైకి తన్నడం మొదలైంది, వాకిట్లో నుంచి వస్తాయేమో అని గుమ్మానికి గోనెసంచులు అడ్డం పెట్టుకోనుంటే వెనక నుంచి వచ్చాయి. బియ్యం డబ్బా, గ్యాస్ సిలిండర్, పిల్లల పుస్తకాలు ఎత్తుకుని పై పోర్షన్ వాళ్ళింటికి పోయినాం. ఎదురింటి అవ్వ రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని మెట్ల మధ్యలో కూర్చుంది, పైకి రా అవ్వా అంటే మా ఇల్లు కనపడేంత దూరంలోనే ఉంటాను నాయనా అనింది, రాత్రంతా ఆడే.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. అప్పుడు మాది ఇంకా చిత్తూరు జిల్లానే, కలెక్టరాఫీసు చిత్తూరులో, తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో గదా వచ్చింది. అయినా కేంద్ర విపత్తు సహాయ దళం, అదే ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు దిగారు, 20న అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఏరియల్ సర్వే చేశారు, డిసెంబర్ మొదట్లో ఊళ్ళోకి కూడా వచ్చారు, కేంద్రం నుంచి ఒక బృందం వచ్చి నష్టం చూసుకుని పోయింది. మునిగిన ఇళ్ళకు 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిపాయలు, ఆలుగడ్డలు, పైన 2,000 రూపాయలు. మా వీధికి వచ్చిన వాలంటీర్ అమ్మాయి ఇంట్లోకి కూడా నీళ్ళొచ్చాయి, ఆ తడిసిన బట్టల్లోనే ఇల్లిల్లూ తిరిగి రాసుకుంది. ఆమె వచ్చేసరికి నీళ్ళు తీసేశాయి, మరి మునిగినట్టు ఏం చూపిస్తారు అని మాలో మేమే అనుకుంటే, ఆమే గోడ మీద స్విచ్‌బోర్డు కింద నిలిచిన బురద గీతకు ఫోటో తీసుకుంది. మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులైతే పండగ లేదు పబ్బం లేదు, మోకాళ్ళ దాకా బురదలో దిగి ఎత్తిపోశారు, వాళ్ళకు ఎంత చెప్పినా తక్కువే.

కానీ తిరుపతి దగ్గర్లోని రాయలచెరువు చూడండి. అదే వారంలో ఆ చెరువు కట్టకు లీకేజీ పడింది, పాతకాలం నాటి పెద్ద చెరువు, తెగితే కింద ఊళ్ళు మిగలవు. అక్కడ మాత్రం జనాన్ని ముందే ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలు వేసి రాత్రింబవళ్ళు కట్ట దగ్గరే ఉన్నారు, కట్ట నిలిచింది. అంటే ముందు కదిలితే ఏమవుతుందో ఈ జిల్లా అధికారులే చేసి చూపించారు. అదే చురుకు ఊళ్ళోని కాలువల పూడిక తీయడంలో, ఆక్రమణలు తీయడంలో ఎందుకుండదు, కొండ మీద ఇంత వాన పడింది మీ వీధికి ఇన్ని గంటల్లో నీళ్ళు వస్తాయి అని ఒక్క ఆటోలో మైకు పెట్టి చెప్పడానికి ఏమి, ఎవరన్నా చెప్పండి. వరదకు దెబ్బతినిన శ్రీవారి మెట్టు దారిని, అదే కొండకు నడిచిపోయే రెండో దారిని, బాగుచేసి 2022 మేలో తెరిచారు, సంతోషం, నేనూ ఆ దారిలోనే నడుస్తా, కానీ మా వీధి కాలువ మాత్రం అట్లే ఉండింది. బయటి జనానికి తిరుపతి అంటే దర్శనం ఉందా లేదా అంతే, ఫోన్ చేసిన చుట్టాలు కూడా చాలామంది ముందు అదే అడిగారు. కింద లక్షల మంది కాపురాలు చేస్తున్న ఊరు ఇది.

ఎందుకు వదల్లేదంటే ఏం చెప్పేది, పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా ఏడుకొండలు కనపడాల నాకు. గంగజాతరకు ఊరంతా వేషాలు కట్టుకుని తాతయ్యగుంట గంగమ్మ దగ్గరికి కదిలే ఊరు వదిలి యాడికి పోతాం. ఆ రాత్రి అంతగా పరిచయం లేని పై పోర్షన్ వాళ్ళింట్లో మా పిల్లలు సంగటి తిని పడుకున్నారు.

మీకైతే చెప్పేది, ఇల్లు చూసేటప్పుడు ఓనర్‌ను కాదు, ఎదురు అంగడాయన్ని అడగండి 2021లో ఈడ నీళ్ళు ఎంత దాకా వచ్చినాయని. పై పోర్షన్ దొరికితే తీసుకోండి. సంపు, అంటే నేలలో ఉండే నీళ్ళ తొట్టి, ఉంటే పెద్ద వానల తర్వాత దాన్ని పూర్తిగా ఖాళీ చేసి కడగొద్దు. అప్పుడే కృష్ణానగర్‌లో ఒకామె లోపల దిగి తొట్టి కడుగుతుంటే తొట్టి మొత్తం భూమిలో నుంచి పైకి లేచింది, అందరూ వింత అనుకున్నారు. చుట్టూ నేల నీళ్ళతో ఊరి ఉన్నప్పుడు ఖాళీ తొట్టి, ఖాళీ బిందె తేలినట్టు పైకి తేలుతుంది, అంతే. భూమి ఆరే దాకా నీళ్ళు నింపే ఉంచండి.