గాలి నీళ్ళలో కరుగుతుందా?

సందేహం: మా అమ్మాయి సైన్సు పుస్తకంలో ‘వాయువులు నీటిలో కరుగుతాయి, వేడి పెరిగితే తక్కువ కరుగుతాయి’ అని ఉంది. గట్టి వస్తువు నీరైపోతేనే కదా కరగడం? గాలి కరగడమేమిటి, వేడికి కరగడం తగ్గడమేమిటి? ఇది తెలుగేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: నిక్షేపంలా తెలుగే. కరుగు మన సొంత క్రియ. కన్నడంలో కరగు, తమిళంలో కరై దీని తోబుట్టువులు. అయితే తమిళులు నీళ్ళలో కరగడానికి కరై అనీ, వేడికి కరగడానికి ఉరుగు అనీ వేరువేరు మాటలు పెట్టుకున్నారు. మనమూ కన్నడిగులూ రెండు పనులూ ఒక్క మాటతోనే నడుపుతున్నాం. మనకు తేడా చెప్పేది విభక్తి. వెన్న సెగకు కరిగింది, ఉప్పు నీళ్ళలో కరిగింది. ‘కు’ వస్తే వస్తువు తానే ద్రవమైంది, ‘లో’ వస్తే వేరే ద్రవంలో కలిసి రూపు పోగొట్టుకుంది. ఇంత చక్కని ఏర్పాటు ఉండగా, మంచు కరిగిందనడానికి ‘ద్రవీభవించింది’ అనడం ఎందుకో నాకు అర్థం కాదు. గుండె కరగడం, డబ్బు కరగడం ఈ మాటకు తర్వాత అబ్బిన అర్థాలు.

మీ పుస్తకంలో ఉన్నది ‘లో’ కరగడం. దానికి వస్తువు గట్టిదే కానక్కరలేదు. బీచ్ రోడ్డులో గోలీసోడా కొట్టించి చూడండి. ఒత్తిడి పెట్టి నీళ్ళలో కరిగించిన గ్యాసు, గోలీ కిందికి దిగగానే ఒత్తిడి తగ్గి బుస్సుమని పైకి వస్తుంది. ఒత్తిడి ఎంత పెరిగితే వాయువు అంత ఎక్కువ కరుగుతుందని ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ 1803లోనే చెప్పాడు. వేడి దీనికి ఎదురు: గాలి తగిలే మంచినీళ్ళలో లీటరుకు సున్నా డిగ్రీల దగ్గర 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర సుమారు 7.5 మాత్రమే. మండుటెండల్లో చెరువు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచేది ఇందుకే. పంచదార వేడినీళ్ళలో బాగా ఎక్కువ కరుగుతుంది, ఉప్పుకు పెద్ద తేడా ఉండదు. ఈ రెంటికీ ఒత్తిడితో దాదాపు పనిలేదు.

నాకు కష్టం కలిగించేది ‘నీటిలో కరిగించబడిన ఆక్సిజన్’ అనే రాత. చెరువులో దాన్ని ఎవరు కరిగించారు? ‘కరిగి ఉన్న ఆక్సిజన్’ అంటే సరిపోతుంది.

ఇక కరిగే గుణానికి పాఠ్యపుస్తకాల్లో వాడే ‘ద్రావణీయత’ సంగతి. పరుగెత్తడమనే అర్థమున్న ‘ద్రు’ ధాతువు నుంచి ద్రవం, ద్రావణం వచ్చాయి. మాటలో తప్పులేదు, పరీక్షలో రాయనివ్వండి. ఇంట్లో చెప్పేటప్పుడు ‘కరిగే గుణం’ అనండి. ‘కరుగుదల’ నాకు ఇష్టమే గానీ, మంచుకొండల విషయంలో ఆ మాట ఇప్పటికే వాడుతున్నారు కాబట్టి గట్టిగా సిఫారసు చేయలేను.