విస్తరి ముందు నుంచి లేచిపోయిన అమ్మాయి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది తణుకు. మా వారు ముగ్గురు అన్నదమ్ముల్లో రెండోవారు, వాళ్ళకొక చెల్లెలు. ఏటా సంక్రాంతికి అందరం అత్తగారి ఊళ్ళో కలుస్తాం. ఈసారి కనుమ రోజు మధ్యాహ్నం మగవాళ్ళు, పిల్లలు మొదటి బంతికి కూర్చున్నారు. నేనూ తోటికోడలూ గారెలు, నాటుకోడి పులుసు వడ్డిస్తున్నాం. పొలం చేపల చెరువుకి లీజుకిచ్చేద్దామని బావగారు మొదలుపెట్టారు. నా వాటా తేల్చాకే ఏదైనా అని గుమ్మంలోంచి ఆడపడుచు అంది. కట్నం ఇచ్చాం కదా అని మరిది అన్నాడు. అత్తగారు ఏడుపు మొదలుపెట్టారు. ఇంతలో బావగారు మా అమ్మాయి వైపు తిరిగి, 'జుట్టు మగరాయుడిలా కత్తిరించుకున్నావు, మార్కులు ఎన్నొస్తున్నాయి?' అన్నారు. దానికి 17 ఏళ్ళు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతోంది. 'మీరెవరూ పండక్కి రాలేదు, పొలం కోసం వచ్చారు. నిన్న బరిలో ఎంత పోగొట్టారో తాతయ్యకి చెప్పండి పెదనాన్నా. నేనింక హాస్టల్‌కి వెళ్ళను, జేఈఈ రాయను' అంటూ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. మా వారు అందరి ముందూ దాన్ని చెంప మీద కొట్టారు. కనుమనాడు కాకైనా కదలదంటారు, మేం ఆ సాయంత్రమే తణుకు వచ్చేశాం. అన్నట్టే జనవరి జేఈఈ రాయలేదు. ఇప్పుడు గది తలుపు వేసుకుని ఉంటోంది. మేమందరం పడుకున్నాక వంటింట్లోకి వచ్చి తింటోంది. పెదనాన్నకి క్షమాపణ చెప్తేగాని దానితో మాట్లాడనని వాళ్ళ నాన్న భీష్మించుకు కూర్చున్నారు. ఇంత మొండిపిల్లని దారికి తెచ్చేదెలాగమ్మా?
– పేరు వద్దు, తణుకు

జవాబు: అమ్మా, క్షమాపణ సంగతి, పొలం సంగతి అలా ఉంచండి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది చివర మీరు రాసిన వాక్యం. పిల్ల తలుపు వేసుకుని, అందరూ పడుకున్నాక వచ్చి తింటోంది. ఈ పత్రిక పక్కన పెట్టి, ఇవాళ రాత్రి అది వంటింట్లోకి వచ్చే వేళకి మీరు మెలకువగా ఉండండి. లైటు వేసి ప్రశ్నలు గుప్పించకండి. అన్నం వేడి చేసి పెట్టి, పక్కన కూర్చోండి. అది తిన్నాక ఒక్కటే అడగండి: 'చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా తల్లీ?' అని, ఇదే మాటల్లో. అడిగితే లేని ఆలోచన కల్పించినట్టవుతుందని చాలామంది తల్లులు భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. లోపల ఉంటే బయటికి వస్తుంది. అవునన్నా, జవాబు చెప్పకుండా కళ్ళు దించుకున్నా దాన్ని ఒంటరిగా వదలకండి, ఆ గదిలోనే పడుకోండి. 14416 నంబరుకి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. మర్నాడే మానసిక వైద్యులకి చూపించండి. లేదంటే మంచిదే, ఆ తర్వాత సంగతులు నిదానంగా చూసుకోవచ్చు.

ఇప్పుడు మీరు మొండితనం అన్నదాని గురించి చెప్తాను. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తూ చాలా కాలం ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా కూడా చేశాను. సంక్రాంతి సెలవులయ్యాక పిల్లలు అరిసెలు, సున్నుండలు, జంతికలు స్టీలు డబ్బాల్లో నింపుకుని వచ్చేవాళ్ళు. ఆ రాత్రి గదుల్లో ఒకటే సందడి, ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టేవాళ్ళు. ఎవరైనా డబ్బా మూత తీయకుండా మంచం కిందకి తోసేస్తే నేను ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. ఇంట్లో ఏదో జరిగి ఉండేది. నాన్న తాగి పళ్ళెం విసిరేయడమో, అమ్మ పుట్టింటికి వెళ్ళిపోవడమో, చుట్టాలందరి ముందూ మార్కులు చదవడమో. వాళ్ళెవరూ మీ అమ్మాయిలా నోరు తెరిచి అనలేదు. వచ్చి పుస్తకం ముందు కూర్చునేవాళ్ళు, అంతే. ఆ పిల్లల్ని అందరూ బుద్ధిమంతులనేవారు. నాకు మాత్రం వాళ్ళ గురించే ఎక్కువ బెంగగా ఉండేది. మీ అమ్మాయి పైకి అంది. అన్న తీరు బాగోలేదు, ఒప్పుకుంటాను. అయినా ఆ పిల్లకి ఇంకా మీ మీద నమ్మకముంది కాబట్టే అందరిలో అరిచి చెప్పిందని నా గట్టి అభిప్రాయం.

అది అన్న మూడు మాటలూ విడివిడిగా చూడండి. పొలం కోసం వచ్చారంది. మీ ఉత్తరం ప్రకారమే అది నిజం. బరిలో డబ్బు పోయిందంది, అదీ అబద్ధమని మీరు రాయలేదు. మూడోది తన సొంత విషయం: హాస్టల్‌కి వెళ్ళనంది. పెద్దవాళ్ళంతా మొదటి రెండు మాటలకి మండిపడ్డారు. మూడో మాట ఎవరి చెవినా పడలేదు. ఎందుకు వెళ్ళనంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మీరింకా అడగలేదనే అనుకుంటున్నాను.

అడిగేముందు ఆ హాస్టల్ రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోండి. చాలాచోట్ల తెల్లవారుజామున 5 గంటలకి గంట కొడతారు, రాత్రి స్టడీ అవర్ అయ్యేసరికి పదిన్నర దాటుతుంది. ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెప్తారు. పైగా ఈ వయసులో నిద్ర హార్మోను రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే తొందరగా పడుకోమన్నా వాళ్ళకి నిద్ర పట్టదు. ఆరు గంటల నిద్రతో రెండేళ్ళు నెట్టుకొచ్చిన పిల్ల పండక్కి ఇంటికొచ్చి, పులుసు అన్నంలో కలుపుకుంటున్నప్పుడు 'మార్కులెన్ని' అని వింది. జుట్టు సంగతీ అంతే. బావగారికి అది మగరాయుడి వేషం. కిక్కిరిసిన హాస్టల్లో పొద్దున్నే స్నానాల గది ముందు వరసలో నిలబడే పిల్లలు జుట్టు ఎందుకు కత్తిరించుకుంటారో నేను కళ్ళారా చూశాను. తలంటుకుని ఆరబెట్టుకునే తీరిక ఉండదు.

చదువు గురించి మీ ఇద్దరి టెన్షన్ కూడా నాకు అర్థమైంది. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది. రెండూ రాస్తే మెరుగైన స్కోరునే తీసుకుంటారు. జనవరిది పోయిందంటే అంతా పోయినట్టు కాదు. అసలు రాయకపోయినా ఈఏపీసెట్ ఉంది, రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కాలేజీల్లో కన్వీనర్ సీట్లు ఆ ర్యాంకు మీదే ఇస్తారు. ఇంజనీరింగే వద్దంటే డిగ్రీ ఉంది. ఇప్పుడు తప్పకుండా కాపాడుకోవాల్సింది ఇంటర్ పరీక్షలూ ప్రాక్టికల్సూ మాత్రమే. మీ వారు ఒక్కరే విజయవాడ వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలి. ఈ కొద్ది వారాలు ఇంటి దగ్గర చదివి పరీక్షలకి వచ్చి రాసే వీలుందేమో కనుక్కోవాలి. హాస్టల్లో ఎవరైనా వేధిస్తున్నారా, కొడుతున్నారా అన్నది మాత్రం పిల్లనే అడగండి. అలాంటిదేదైనా ఉంటే ఆ గేటు లోపలికి మళ్ళీ పంపకండి, ఫీజు ఎంత కట్టి ఉన్నా సరే.

ఇక చెంపదెబ్బ. దీని గురించి మెత్తగా రాయలేను. 17 ఏళ్ళ ఆడపిల్లని పధ్నాలుగు కళ్ళ ముందు కొట్టడం తప్పు. మీ వారు మాట్లాడనని కూర్చోవడం ఆ తప్పుని రోజూ మళ్ళీ చేయడమే. ఈ ఇంట్లో మొదటి క్షమాపణ ఆయనది. 'నేను చెయ్యి చేసుకోవడం తప్పు, ఇంకెప్పుడూ చేసుకోను' అనాలి. ఆ మాట వెనక 'నువ్వు కూడా అలా అనకుండా ఉండాల్సింది' అని చేర్చకూడదు. చేరిస్తే పిల్ల తలుపు మళ్ళీ మూసుకుంటుంది. ఆయన ఈ పేజీ చదవరని తెలుసు, మీరే చదివి వినిపించండి. నాన్న ఆ మాట అన్నాక, ఒకటి రెండు రోజులాగి, పెదనాన్న సంగతి ఎత్తండి. పందేల సంగతి అందరి ముందూ లాగడం పెద్దవాణ్ణి అవమానించడమేనని పిల్లకి చెప్పొచ్చు. ఫోన్ చేసి 'అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది పెదనాన్నా' అంటే చాలు. కాళ్ళ మీద పడమనడం, మళ్ళీ అందరినీ సమావేశపరచడం వద్దు. చూసింది అబద్ధమని ఒప్పించడం అసలే వద్దు. కోడిపందేలు చట్టప్రకారం నేరమన్న సంగతి ఆ పిల్లకీ తెలుసు.

పొలం గురించి నన్నడగలేదు. అయినా ఆ విస్తళ్ళ మధ్య పేలింది అదే కాబట్టి చెప్పక తప్పదు. కట్నం ఇచ్చాం కాబట్టి ఆడపిల్లకి వాటా లేదనే మాట చట్టం ముందు నిలబడదు. ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కిచ్చారు. 2005లో హిందూ వారసత్వ చట్ట సవరణ దేశమంతటికీ, పెళ్ళయినవాళ్ళకీ ఆ హక్కు ఇచ్చింది. ఆ సవరణ అమల్లోకి వచ్చేనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అదే పొలం మీ మామగారి స్వార్జితమైతే, ఆయన ఉండగా కొడుకులకీ వాటా లేదు, కూతురికీ లేదు. ఆయన ఇష్టం. ముందు కాగితాలు తీసి ఏది ఏదో చూసుకోమనండి. దాళ్వా కోతలయ్యాక ఒక ఆదివారం నలుగురు తోబుట్టువులూ మామగారి దగ్గర కూర్చుని ఆ ఒక్క విషయమే మాట్లాడుకోవాలి. వీలైతే ఒక వకీలు ఉండాలి. ఆ రోజు భోజనాలు పెట్టుకోకండి. పిల్లల్ని తీసుకెళ్ళకండి.

ఇంకొకటి. మీరు మధ్యలో రాసి వదిలేశారు, నేను వదల్లేకపోయాను. మొదటి బంతిలో మీరు లేరు. పొద్దున్నుంచి పప్పు రుబ్బి, గారెలు వేసి, గొడవ జరుగుతున్నా వడ్డిస్తూనే ఉన్నారు. ఆ రోజు మీరు ఎప్పుడు తిన్నారో, అసలు తిన్నారో లేదో ఉత్తరంలో లేదు. ఈ ఉగాదికి అత్తగారినీ మామగారినీ మీ ఇంటికే పిలవండి. వాళ్ళిద్దరూ, మీరు ముగ్గురూ చాలు. వంటకాలన్నీ మధ్యలో పెట్టి అందరూ ఒకేసారి కూర్చోండి, ఎవరికి కావాల్సింది వాళ్ళు వడ్డించుకుంటారు. మార్కులు, పొలం, జుట్టు ఆ పూటకి ఎత్తకూడదని మామగారికి ముందే ఫోన్లో చెప్పండి. మనవరాలి గొంతు ఆయన విన్నాడు కదా, కాదనరని నా నమ్మకం.

* * *

ప్రశ్న: మేడమ్, నాకు 16 ఏళ్ళు. మాది జగిత్యాల దగ్గర పల్లె. పోయిన దసరాకి జమ్మి పెట్టి వచ్చినంక మా బాపు, చిన్నాయన తాగి కొట్లాడుకున్నరు. వండిన మటన్ గిన్నె బోర్లపడ్డది. నేను అడ్డం పోతే నాక్కూడా దెబ్బ తగిలింది. ఉగాదికి మళ్ళీ అందరూ వస్తరట. నేను దోస్తు ఇంటికి పోతా అంటే 'ఎదురు మాట్లాడుతున్నవు' అని బాపు తిడుతున్నడు. నేను పోవడం తప్పా?

జవాబు: తప్పు కాదు బిడ్డా. తాగి కొట్టుకునే పెద్దవాళ్ళ మధ్యకి వెళ్ళడం నీ పని కాదు. ఇంకోసారి అడ్డం వెళ్ళకు. పొద్దున పచ్చడి తిని, నాయనమ్మకి దండం పెట్టుకుని, సీసాలు బయటికి రాకముందే బయల్దేరు. ఎక్కడ ఉంటావో, ఎప్పుడు తిరిగొస్తావో అమ్మకి చెప్పి వెళ్ళు. బాపు మామూలుగా ఉన్న పొద్దుటిపూట ఒకసారి, 'ఆ రోజు నాకు దెబ్బ తగిలింది బాపూ, నాకు భయమైతుంది' అని మాత్రం చెప్పు. వాదన పెట్టుకోకు. ఆయన తాగుడు మాన్పించే బరువు నీ నెత్తిన వేసుకోకు. అది మీ మేనమామకో, బాపు మాట వినే ఇంకో పెద్దమనిషికో అప్పజెప్పు. అమ్మ మీద చెయ్యి లేస్తే వెంటనే 112కి ఫోన్ చెయ్యి. నీ గురించి 1098కి చేయొచ్చు, అది పిల్లల కోసమే ఉన్న ఉచిత నంబరు. ఈ రెండు నంబర్లతో పాటు మేనమామ నంబరు కూడా కంఠతా పెట్టుకో, ఆ రోజు ఫోన్ నీ చేతిలో ఉంటుందో ఉండదో.