వంగడం ఎంపికలో రైతును ఎప్పుడు అడగాలి?

"విడుదలైన రకాన్ని రైతు పొలంలో వేసి చూపిస్తున్నారు కదా, పరిశోధనలోకి కూడా రైతును ఎందుకు తేవాలి?" అని ఒకరు అడిగారు. విడుదలయ్యాక రైతు వేస్తాననో వేయననో మాత్రమే అనగలడు. నాలుగైదు రకాలు ఇంకా పోటీలో ఉండగా అడిగితేనే అతని మాటకు పని ఉంటుంది.

మాది అనంతపురం జిల్లా, వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఊరు. 1940లో వచ్చిన టీఎంవీ-2 అనే వేరుశనగ రకాన్నే తాతల కాలం నుంచి వేస్తూ వచ్చాం. 2002లో మొదలుపెట్టి ఇక్రిశాట్ (అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ) వాళ్లు ఈ జిల్లా రైతుల పొలాల్లో కొత్త రకాలను దాని పక్కనే వేయించి, ఎంపిక రైతులకే వదిలారు. అలా నిలిచిన ఐసీజీవీ 91114 రకం 2006లో విడుదలైంది.

తర్వాత మేమూ వేశాం. వాన లేని బెట్టకు ఎన్నాళ్లు ఆగుతుంది, కాయలన్నీ ఒకేసారి ముదురుతాయా అని నాన్న చూశాడు. అమ్మ చూపు కట్టె మీద, అంటే కాయలు తీశాక పశువులకు వేసే వేరుశనగ మొక్క మీద. పీకేదాకా పచ్చగా ఉంటుందా, గేదెలు మిగల్చకుండా తింటాయా, పీకేటప్పుడు కాయలు తెగి మట్టిలో ఉండిపోతాయా అని. కాయ దెబ్బతిన్న ఏడాది మాకు ఇల్లు గడిచేది ఆ కట్టె తిన్న గేదెల పాలతోనే. ఎకరాకు ఎన్ని బస్తాలన్న లెక్కలో ఇదేదీ కనిపించదు. ఆడవాళ్లను అడగని ఎంపిక నా దృష్టిలో సగం ఎంపికే.

మీరు ఇలాంటి ఎంపిక చేయిస్తే, రైతు రోజూ చేసే పద్ధతిలోనే పండించనివ్వండి. అదనంగా ఎరువులు ఇవ్వకండి. చిన్న రైతుల పొలాలు తప్పకుండా ఉండాలి. ఒక్క రకాన్నే విజేతగా ప్రకటించాలని చూడొద్దు. లోతు తక్కువ ఎర్రనేల రైతు ఒకటి, చెరువు కింది రైతు ఇంకొకటి కోరుకుంటే రెండూ ఉండనివ్వండి. జిల్లా అంతా ఒకే రకం పరుచుకుంటే ఏదైనా తెగులు వచ్చినప్పుడు అందరం కలిసే మునుగుతాం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు విత్తనం. వేరుశనగకు ఎకరాకు దాదాపు 50 కిలోల గింజలు కావాలి. వానాధారంలో విత్తిన దానికి పది రెట్లు రావడమే గొప్ప. అందుకే ప్రైవేటు కంపెనీలు దీని జోలికి పెద్దగా రావు. రైతులు ఎంత మెచ్చినా విత్తనం దొరక్క మంచి రకం ఊరు దాటకుండా ఆగిపోతుంది. కాబట్టి నచ్చిన రకం కాయలు రైతులు ఉంచుకుని, పక్కవాళ్లకు ఇచ్చుకోవచ్చని మొదటి ఏడే రైతులతో చేసుకునే ఒప్పందంలో రాయండి. విడుదలైన రకాల విషయంలో అయితే విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడం 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టమే ఇచ్చిన హక్కు.