కిల్న్ ధూళి కలిపిన ఇటుకలపై తెల్ల పొర: సమాధానం
పక్క సిమెంటు ఫ్యాక్టరీ ఉచితంగా ఇచ్చే కిల్న్ ధూళిని (సిమెంటు కాల్చే కొలిమి పొగలోంచి పట్టే దుమ్మును) ఫ్లైయాష్ ఇటుకల్లో కలిపితే తెల్ల పొర వస్తోందన్నారు. అది ఉప్పేనండీ. కొలిమి వేడికి ఆవిరయ్యే పొటాషియం, సోడియం, క్లోరైడ్ లవణాలు ధూళిలో చేరతాయి. ఇటుక ఆరేకొద్దీ పైకి తేలతాయి.

ముందు అది బైపాస్ ధూళా (కొలిమిలో ఉప్పు పేరుకోకుండా పక్కకు తీసేసే, లవణాలు ఎక్కువుండే దుమ్ము), మామూలు బ్యాగ్ ఫిల్టర్ ధూళా (పొగను గుడ్డ సంచుల్లో వడకడితే దొరికేది) అని అడగండి. బైపాస్‌దైతే ఇటుకల జోలికి తేవద్దు, ఉచితమైనా సరే! రెండోదైతే క్లోరైడ్ పరీక్ష చేయించి, కొద్ది మోతాదుతో మొదలుపెట్టండి. నమూనా ఇటుకను పళ్లెంలో అంగుళం నీళ్లలో నిలబెట్టి, ఆరాక చూడండి.

ఇనుప కడ్డీలుండే కాంక్రీటులో మాత్రం అసలు వాడకండి. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం అక్కడ క్లోరైడ్ ఘనపు మీటరుకు 0.6 కిలోలు దాటకూడదు. ఇటుకలకు వాడగా మిగిలిన ధూళిలో సున్నం ఉంటుంది కనుక నల్లరేగడిపై వేసే రోడ్డు పునాదిని గట్టిపరచడానికి పనికొస్తుంది. తడిస్తే చర్మాన్ని కాలుస్తుంది, కూలీలకు చేతి తొడుగులు ఇవ్వండి.