నాన్నకి న్యుమోనియా, సమ్మరీలో క్యాన్సర్ కోడ్: క్లెయిమ్ పోయినట్టేనా?

సందేహం: మా నాన్నగారికి 74 ఏళ్లు. ఆరేళ్ల కింద ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, తర్వాత మందులేం లేవు. ఆ సంగతి ఫారంలో చెప్పే, రెండేళ్ల కింద హెల్త్ పాలసీ తీసుకున్నాం. మొన్న న్యుమోనియాతో అడ్మిట్ చేస్తే డిశ్చార్జ్ సమ్మరీలో మొదట సీ61 అనే క్యాన్సర్ కోడ్ వేశారట, క్యాన్సర్‌కి వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉందని క్లెయిమ్ కొట్టేశారు. కోడ్ మార్పించొచ్చా?

జవాబు: మార్పించొచ్చండి, కానీ హాస్పిటల్‌కి వెళ్లి "క్యాన్సర్ తీసేయండి" అని మాత్రం అడగొద్దు, అది రికార్డు దిద్దించినట్టు అవుతుంది, రేపు మీకే ఎదురు తిరుగుద్ది. కేస్ షీట్ (హాస్పిటల్లో జరిగిన వైద్యం రికార్డు) ప్రకారం సరిచేయమని అడగండి. ఐసీడీ-10లో, అంటే జబ్బులకి వాడే అంతర్జాతీయ కోడ్‌ల జాబితాలో, సీ61 అంటే ప్రోస్టేట్ క్యాన్సర్ ఇప్పుడు ఉన్నట్టు. నయమై ట్రీట్‌మెంట్ ఆగిపోతే జెడ్85.4, అంటే గతంలో ఉండేది అని. ఏ జబ్బు కోసం ప్రధానంగా వైద్యం చేశారో అది మెయిన్ డయాగ్నసిస్ అవ్వాలి, మీ నాన్నగారికి అది న్యుమోనియా, జె18.9. అదే ఆయన ఇంకా హార్మోన్ ఇంజెక్షన్ల మీద ఉండుంటే సీ61 ఉండాల్సిందే, కాకపోతే రెండో వరసలో.

ముందు కేస్ షీట్ మొత్తం కాపీ రాతపూర్వకంగా అడగండి, 2002 మెడికల్ కౌన్సిల్ రెగ్యులేషన్స్ ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. అడ్మిషన్ నోట్, ఎక్స్‌రే, రోజూ ఎక్కించిన యాంటీబయాటిక్స్ చార్ట్ చూడండి, వైద్యం దేనికి జరిగిందో అక్కడే తేలిపోద్ది. క్యాన్సర్ డాక్టర్‌తో ఇప్పుడు జబ్బు లేదని, ఈ న్యుమోనియాకి దానికి సంబంధం లేదని లెటర్ రాయించుకోండి, ఆయన నిజంగా అలా అనుకుంటేనే సుమా.

అవన్నీ జతచేసి ఇన్సూరెన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పంపండి. ఏ క్లాజ్ కింద కొట్టేశారో, కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఒప్పుకుందా అని కూడా అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్ ప్రకారం కమిటీ ఒప్పుకోకుండా రిజెక్ట్ చేయడానికి లేదు. నెలలో జవాబు రాకపోయినా, మళ్లీ కాదన్నా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, మాలాంటి లాయర్ అవసరమూ లేదు. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు, కానీ అక్కడ కేసు వేశాక అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లండి.

ఒక్కటి మాత్రం ఇవాళే చూసుకోండి, ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీకి పెట్టిన దరఖాస్తులో, క్యాన్సర్ సంగతి నిజంగా రాసి ఉందా అని. ఏజెంట్ నింపి ఉంటే చాలాసార్లు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు, అప్పుడు కేసు కోడ్ గురించి కాదు, దాచిపెట్టారనే ఆరోపణ గురించి అవుద్ది.