అమ్మతో కాశీకి ఎప్పుడు వెళ్తే మంచిది?

ప్రశ్న: అమ్మకి మోకాళ్ల నొప్పులు, అయినా కాశీలో తొమ్మిది నిద్రలు చేయాల్సిందే అంటోంది. శ్రావణంలో వెళ్లొచ్చా? విశ్వనాథుడి గుడి నుంచి గంగ ఒడ్డు దాకా వెడల్పాటి దారి (కారిడార్) కట్టాక పాత సందులు ఏమైనా మిగిలాయా అండీ?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: శ్రావణం మాత్రం వద్దమ్మా. వానలకి గంగ పొంగితే ఘాట్ల మెట్లు మునిగిపోతాయి, దశాశ్వమేధ ఘాట్ హారతి కూడా మేడ మీదకి మార్చేస్తారు, పైగా శివుడి నెల కాబట్టి రద్దీ విపరీతం. కార్తీక పౌర్ణమికి దేవ్ దీపావళి జనం ఉంటారు, అది దాటాక వెళ్లండి, డిసెంబర్ చివరికొస్తే పొగమంచుకి రైళ్లు లేటవుతాయి.

1780లో మరాఠా రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించిన విశ్వనాథుడి గుడి చుట్టూ 2021 డిసెంబర్లో కారిడార్ ప్రారంభించారు. దానికోసం చాలా పాత ఇళ్లు పోయాయి, నాకు ఇప్పటికీ బాధే, కానీ నడవలేని పెద్దవాళ్లకి ఆ వెడల్పాటి దారి నిజంగా మేలు. సందులు ఇంకా ఉన్నాయి, విశాలాక్షి గుడి వైపు వెళ్తే మీకే తెలుస్తుంది.

బసకి కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్ చుట్టుపక్కల చూడండి, తెలుగువాళ్ల ఆశ్రమాలు, మన భోజనం అక్కడే దొరుకుతాయి. ముందే ఫోన్ చేసి కింది అంతస్తు గది అడగండి. గుడిలోకి సెల్ ఫోన్ రానివ్వరు, గదిలోనే పెట్టేసి వెళ్లండి.